కంచెలో పిట్ట గూడు

ఆ రోజు ఉదయం సర్వేయరు గారు పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగడం, కంచె కత్తిరించడం, భార్య తిరిగొచ్చేలోపు స్నానం చేసి ఏమీ ఎరగనట్టు పడక్కుర్చీలో కూర్చోవడం. ఈ మూడింటిలో అనుకున్నట్టు జరిగింది కాఫీ ఒక్కటే.

ఆయన ముప్పై నాలుగేళ్లు ఊరి భూములన్నీ కొలిచి కిందటేడు ఉద్యోగం దిగారు. ఉద్యోగం దిగారే గానీ కొలవడం మానలేదు. భూములు దొరకక ఇంటి మీద పడ్డారు. గోడ గడియారం వాలిందని సరిచేస్తే అది ఆగిపోయింది. వంటింటి అలమర అరంగుళం వంగిందని ఎత్తితే తలుపు మూతపడటం మానేసింది. మంచం సమంగా లేదని ఒక పక్క చెక్కలు పెడితే, ఆవిడ రెండో పక్కకి దొర్లి కింద పడింది. ఇన్ని ఘనకార్యాలకీ మూలం ఆయన జేబులో ఉండే రసమట్టం. జానెడు చెక్క, దాని మధ్య గాజు గొట్టం, గొట్టంలో ఒక బుడగ. బుడగ మధ్యలో నిలిస్తే లోకం సవ్యంగా ఉన్నట్టు. నిలవకపోతే లోకానిదే తప్పు.

పక్కింటికీ వీళ్లింటికీ మధ్య ముప్పై అడుగుల మొక్కల కంచె ఉంది. మనిషి కంటే ఎత్తు, మూడడుగుల మందం. దాన్ని ఏళ్ల తరబడి ఒక్క తోటమాలే కత్తిరిస్తున్నాడు. ఇంకెవర్నీ ఆవిడ దాని దగ్గరికి రానివ్వదు. తోటమాలికి నడుం పట్టేసి పదిహేను రోజులైంది. కొత్త చిగుళ్లు జుట్టు దువ్వుకోని పిల్లాడి తలలా లేచి నిలబడ్డాయి.

"నేనున్నాగా!" అన్నారు సర్వేయరు గారు.

"అదే నా భయం," అంది ఆవిడ, చేతిసంచీ సర్దుకుంటూ. "అక్కయ్యని చూసి అయిదు గంటల బస్సుకి వచ్చేస్తాను. సరే, కత్తిరించండి. పైన నాలుగు వేళ్లు, అంతే. కుళాయి పక్కన మధ్యలో పిట్ట గూడు ఉంది, అటు కన్నెత్తి చూడకండి. పక్కింటాయనతో మాట పెట్టుకోకండి."

"మాటలే లేవుగా, ఎనిమిదేళ్లయింది."

"ఇంకోటి వినండి. కంచె గానీ వంకర పోయిందా, మీ రసమట్టం, తాళ్లు, టేపులు మొత్తం పాత సామాన్ల వాడికి పోతాయి. రేపొస్తానన్నాడు. ఇది ఒట్టి బెదిరింపు కాదు."

కాదని ఆయనకీ తెలుసు. ఆవిడ మాటంటే మాటే. ఆ జానెడు చెక్క ఆయన మొదటి జీతంతో కొన్నది. ఎండల్లో, వానల్లో, గట్ల తగాదాల్లో తోడున్నది అదొక్కటే. అది పోతే తను ఒట్టి ముసలాడైపోతానని ఆయనకి లోలోపల గట్టి బెంగ. పైకి మాత్రం, "వంకరా! నా చేతిలోనా!" అని నవ్వేశారు.

అసలు పక్కింటితో మాటలు ఆగిపోయిందీ వంకర దగ్గరే. పక్కింటాయన బడిలో డ్రాయింగు మాస్టారు, చిన్ననాటి స్నేహితుడు. రోజూ సాయంత్రం ఇద్దరూ చదరంగం ఆడేవారు. ఎనిమిదేళ్ల కిందట ఆయన ఒక బొమ్మ వేసి, పటం కట్టించి, ప్రేమగా తెచ్చి వీళ్ల హాల్లో తగిలించాడు. సర్వేయరు గారు దాని నెత్తిన రసమట్టం పెట్టి, "వంకర" అన్నారు. "మీ కప్పు వంకర. కంటికి తిన్నగా ఉంటే తిన్నగా ఉన్నట్టే," అన్నాడాయన. నీ కన్ను వంకరంటే నీ బుడగ వంకరనుకున్నారు. పటం వెనక్కి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇద్దరూ కంచె ఛాయలకి కూడా వెళ్లలేదు. ఆ గొడవలో చదరంగం పెట్టె ఎక్కడ పోయిందో కూడా ఎవరికీ తెలీదు.

ఆవిడ వీధి మలుపు తిరగడమే ఆలస్యం, సర్వేయరు గారు కంచె రెండు కొసలా రెండు కర్రలు పాతి తాడు కట్టారు. దిగువ కొస పెరట్లో ఉంది, అక్కడ సరిగ్గా నాలుగు వేళ్లు కిందకి కట్టారు. రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా రెండో కొస దించుకుంటూ పోయారు. తీరా చూస్తే ఎగువ కొసన, వీధి గేటు దగ్గర, తాడు కంచె నెత్తి మీద లేదు. అడుగున్నర కిందకి దిగి కంచె కడుపులో దూరింది.

నేల వాలుగా ఉంది. పెరటి నుంచి వీధికి వచ్చేసరికి అడుగున్నర ఎత్తు పెరుగుతుంది. కంచె కూడా నేలతో పాటే బుద్ధిగా పెరిగింది. ఇది చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. సర్వేయరు గారికి తెలీదా? తెలుసు. కానీ బుడగ మధ్యలో ఉంది. "ఇన్నేళ్లూ వంకరగా కత్తిరించాడన్నమాట ఆ తోటమాలి!" అని ఆశ్చర్యపోయి, బల్ల ఎక్కి, తాడు వెంబడే కరకరా కత్తిరించేశారు.

పదింటికి పోస్టుమాన్ వచ్చాడు. గేటు దగ్గర సైకిలాపి, తల ఒక పక్కకి వంచి చూశాడు. తర్వాత రెండో పక్కకి వంచాడు.

"సార్, కంచె ఒరిగిపోయిందేంటి?"

"ఒరిగింది కంచె కాదోయ్, నేల. ఇదుగో బుడగ చూడు."

"బుడగ బాగానే ఉంది సార్. కంచే బాలేదు."

ఈలోగా ఎగువ కొసన, తెగిన ఆకుల వెనక నుంచి ఒక నెత్తి లేచింది. దాని కింద కళ్లజోడు, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి. చాచిన చేతిలో పెన్సిలు. డ్రాయింగు మాస్టారు కంచెని కొలుస్తున్నాడు.

"పోస్టుమానూ! ఆయనతో చెప్పు, కంచె ఏడుస్తోందని," అన్నాడు.

"సార్, కంచె ఏడు..."

"విన్నాను! నాకు చెవుడు లేదు. కన్ను మీద ఆధారపడేవాళ్లకి అలాగే కనిపిస్తుందని చెప్పు."

"మాస్టారూ, కన్ను మీద..."

"విన్నానయ్యా! అయితే ఆ దిగువ కొస నేనే సరిచేస్తానని చెప్పు. సగం కంచె నాది."

అని పెరట్లోకి వెళ్లి, నిచ్చెన వేసుకుని, పెన్సిలు నోట్లో కరుచుకుని, దిగువ కొసని నేలవాలుకి సరిపోయేలా అడుగున్నర కొట్టేశాడు. కంటికి కంచె మళ్లీ తిన్నగా అయింది. ఆయన వెనక్కి నాలుగడుగులు వేసి మురిసిపోయాడు.

సర్వేయరు గారు పరుగున వెళ్లి రసమట్టం పెట్టారు. బుడగ ఒక మూలకి పారిపోయింది. సాయంత్రం అయిదు గంటలు, ఆవిడ, పాత సామాన్ల వాడు వరసగా కళ్ల ముందు కనిపించారు. దిగువ తగ్గింది కాబట్టి ఎగువ ఇంకో అడుగున్నర తగ్గించాలి, ఇంక దారే లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. మళ్లీ తాడు, మళ్లీ కరకర. గేటు దగ్గర కంచె ఇప్పుడు నడుం దాకా వచ్చింది.

"ఆయనతో చెప్పు, ఇది కక్షని!" అని అటు నుంచి.

"లెక్కని చెప్పు!" అని ఇటు నుంచి.

పోస్టుమాన్ గేటు గట్టు మీద చతికిలబడ్డాడు. "మీ ఇద్దరి మధ్యా ఇప్పుడు మూడడుగులు కూడా లేదు సార్. నేనెందుకు?" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. ఇద్దరూ మొహాలు చెరో పక్కకి తిప్పుకుని కత్తిరిస్తున్నారు. సర్వేయరు గారు ఎగువ నుంచి కిందకి, మాస్టారు దిగువ నుంచి పైకి. గోరుతో పోయేదానికి రెండు గొడ్డళ్లు దిగాయి. చిగుళ్లు పోయాయి, ఆకులు పోయాయి, కొమ్మలు పోతున్నాయి. అలా నరుక్కుంటూ ఇద్దరూ కుళాయి దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరి కత్తెరలూ ఒక్కసారే ఆగాయి.

"పోస్టుమానూ," అన్నారు సర్వేయరు గారు, ఈసారి గొంతు తగ్గించి. "ఇక్కడ పిట్ట గూడు ఉందట. జాగ్రత్తని చెప్పు."

"మా ఆవిడా అదే చెప్పింది. కళ్ల డాక్టరు దగ్గరికి పోతూ మరీ మరీ చెప్పి వెళ్లింది. గుడ్లు ఉన్నాయేమో, మెల్లిగా చూడమను," అని అటు పక్క నుంచి వినిపించింది.

పొద్దున్నించీ ఇద్దరూ ఒక మాట మీదకి రావడం ఇదే మొదలు. ఇద్దరూ కత్తెరలు కింద పెట్టి, చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి, చెరో పక్క నుంచీ ఆకులు తొలగించారు.

పిట్టా లేదు, గూడూ లేదు. ఆకుల తెర వెనక కిటికీలాంటి ఖాళీ ఉంది. అందులో నున్నగా చెక్కిన బల్ల, దాని మీద ఆయిల్ క్లాత్, పక్కన బోర్లించిన రెండు స్టీలు గ్లాసులు. అటొక ముక్కాలిపీట, ఇటొక ముక్కాలిపీట. క్లాత్ ఎత్తితే చదరంగం! ఎనిమిదేళ్ల కింద పోయిన అదే చదరంగం, ఆట సగంలో ఉంది. పోయిన నల్ల ఏనుగు బదులు ఒక కోటు బొత్తాం నిలబడి ఉంది.

"అది నా కోటుదే," అన్నాడు మాస్టారు, నీరసంగా. "బొత్తాం ఏదే అంటే దుకాణంలో దొరకట్లేదంది."

"పిట్టలు ఎన్నాళ్లబట్టి వస్తున్నాయో!" అన్నాడు పోస్టుమాన్. వెంటనే నాలిక్కరుచుకున్నాడు. వీధంతటికీ తెలిసిన ముచ్చట అది, ఈ ఇద్దరికీ తప్ప. తోటమాలి ఆ కిటికీని ఏళ్లుగా ఆకులతో కప్పి కాపాడుతున్నాడు.

ఇద్దరు మొగుళ్లూ బల్లకి చెరో పక్కా నిలబడిపోయారు. ఎనిమిదేళ్లు పంతాలు పట్టుకుని వీళ్లు ఒంటరిగా ఈగలు తోలుకున్నారు. పెళ్లాలిద్దరూ ఇక్కడ హాయిగా కాఫీలు తాగుతూ ఆడుకున్నారు. సర్వేయరు గారు తలెత్తి ఎదుటి మొహాన్ని అప్పుడు చూశారు. జుట్టు మొత్తం నెరిసింది. దవడలు లోపలికి పోయాయి.

"ఏరా, ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావురా?"

"నువ్వు చూడటం మానేశాక," అన్నాడు మాస్టారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, బల్ల వైపు వంగాడు. "తెల్లవాళ్లదే గెలుపు. నాలుగెత్తుల్లో ఆటకట్టు."

"నీ మొహం! ఆ గుర్రాన్ని చూశావా?"

"చూశాను. కదుపు, తెలుస్తుంది."

"నే వెళ్లొస్తానండి," అన్నాడు పోస్టుమాన్, సైకిలెక్కుతూ. గుర్రం కదిలింది, ఏనుగు కదిలింది, బొత్తాం కూడా కదిలింది. స్నానం మాట మరిచిపోయారు, భోజనం మాట మరిచిపోయారు. జుట్లలో ఆకులతో, మోచేతుల మీద గీరుకున్న గాట్లతో, ఆ పొట్టి పీటల మీద ఇద్దరూ గొంతుక్కూర్చుని అరుచుకుంటూ ఆడుకున్నారు. ఎనిమిదేళ్లుగా ఆ పెరట్లో ఇంత సందడి లేదు.

అయిదు గంటల బస్సు దిగి, అక్కయ్యని చూడబోయినావిడా, కళ్ల డాక్టరు దగ్గరికి పోయినావిడా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నవ్వుకుంటూ గేట్లోకి వచ్చారు. మాస్టారి భార్య చేతిలో తళతళా మెరిసే చిన్న కప్పు ఉంది. ఆడవాళ్ల చదరంగం పోటీల్లో రెండో బహుమతి. కంచె చూసి ఇద్దరి నవ్వులూ ఒకేసారి ఆగాయి.

కంచె ఒక కొసన నడుం దాకా, ఒక కొసన మెడ దాకా, మధ్యలో కిటికీకి పైకప్పు లేదు. సర్వేయరు గారు లేచి నిలబడ్డారు. ఆవిడ కంచెని పట్టించుకోలేదు, తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లింది.

"నా గుర్రాన్ని ఎవరు కదిపారు?"

"అది... వీడే కదపమన్నాడు."

"తొమ్మిది రోజులుగా ఆడుతున్న ఆట! వదినా, చూశావా, నీ ఏనుగు కూడా పోయింది!"

"పోనీలే వదినా," అంది మాస్టారి భార్య. "అన్నయ్య గారూ మా ఆయనా ఒక చోట కూర్చోవడం చూస్తున్నాం. ఇంకో ఏనుగు పోయినా ఫరవాలేదు."

సర్వేయరు గారు జేబులోంచి రసమట్టం తీశారు. "మాటంటే మాటే. కంచె వంకరపోయింది. రేపు వాడికి ఇచ్చెయ్యి," అని భార్యకి అందించారు. అంటుంటే కళ్లు తడిశాయి.

ఆవిడ తీసుకుంది. దాన్ని చదరంగం పక్కన బల్ల మీద పెట్టింది. బుడగ అటూ ఇటూ ఊగి సరిగ్గా నడుమకొచ్చి నిలబడింది.

"ఎనిమిదేళ్ల కింద ఇది మూడు రోజులు కనిపించక ఇల్లంతా పీకి పందిరేశారు, గుర్తుందా?" అంది. "నేనే తీశాను. బల్ల వాలి పావులు దొర్లిపోతుంటే దీంతోనే సరిచేసుకున్నాం. ఇది లేకపోతే మాకు ఆటే లేదు. దీన్నెందుకిస్తాను! ఇంట్లో పనికొచ్చిన వస్తువు ఇదొక్కటే."

ఆయన మొహం వెలిగిపోయింది. పనికొచ్చిన వస్తువు రసమట్టమా, తనా అని అడగబోయి, జవాబు భయంతో మానేశారు. "చూశావురా, బుడగ!" అని మాత్రం స్నేహితుడి వైపు తిరిగారు.

"కంటికీ తిన్నగానే ఉందిరా," అన్నాడాయన.

"ముందు ఆ కత్తెరలు రెండూ ఇలా తెండి," అంది ఆవిడ.

మర్నాడు ఉదయం పాత సామాన్ల వాడు వచ్చి కత్తెరలు రెండూ తూచాడు. ఒకాయన రసమట్టం పెట్టి, ఒకాయన ఒక కన్ను మూసి, వాడి త్రాసు వంకరగా ఉందని ఒక్క గొంతుతో తేల్చేశారు.