పొగలేని ఊళ్లో పెంటవ్వ పొయ్యి

బిలోలి తాలూకాలోని ఒక ఊరికి హైడ్రోజన్ కంటే ముందు దాని పరిభాష వచ్చింది. ఇది ప్రగతికి లక్షణం. జిల్లా నుంచి వచ్చిన సాహెబు హైడ్రోజన్ మీద మూడు రోజుల అవగాహన శిబిరం పెట్టి, పరీక్షలో నెగ్గినవారికి పొగరాని పొయ్యి ఉచితమని ప్రకటించాడు.

కూలికి పోయే పెంటవ్వకు హైడ్రోజన్‌తో పేచీ లేదు. పత్తికట్టెల పొగకు కళ్లు మండి, దేవుడి నైవేద్యం కూడా ముక్కు చీదుకుంటూ వండాల్సి వస్తున్నదే అని ఆమె బాధ. ఆ పొయ్యి ఆమెకు కావాలి.

అక్షరం రాదు. అయితేనేం, ఏకాదశి భజనలో అభంగాలు పట్టుకున్నట్టే పాఠమూ పట్టుకుంది. భజన జట్టులోని అనుసూయాబాయి తాళాలు వాయించింది. గ్యాసు నుంచి హైడ్రోజన్ తీసి పొగ గాలికి వదిలితే అది బూడిదరంగు హైడ్రోజన్, ఆ పొగను పట్టి భూమిలో దాస్తే నీలం, ఎండ కరెంటుతో నీళ్లను విడగొడితే ఆకుపచ్చ, విడగొట్టే యంత్రం ఎలక్ట్రోలైజర్, హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించేది ఫ్యూయల్ సెల్. ఆడవాళ్లంతా వెనక అందుకున్నారు.

పరీక్షలో సాహెబు, “ఫ్యూయల్ సెల్ అంటే?” అన్నాడు.

పెంటవ్వ కళ్లు మూసుకుని బూడిదరంగు నుంచి ఎత్తుకుంది.

“అదొక్కటే చెప్పు బాయీ.”

“నడిమిట్ల కెల్లి ఎట్ల జెప్తా సాహెబ్? ఎన్క అందుకునేటోళ్లు ఆగమైతరు.”

వాళ్లు అందుకోనే అందుకున్నారు. సాహెబు కూడా తెలియకుండానే చప్పట్లతో తాళం వేశాడు. అందరికీ నూటికి నూరు.

“ఇంత జ్ఞానం ఉన్నచోట పొగకు తావు లేదు! ఈ ఊరిని పొగరహిత గ్రామంగా ప్రకటిస్తున్నాను!” అన్నాడు సాహెబు. పొగరహిత గ్రామాలకు పొయ్యిలివ్వడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి, వాటిని ఏమీ నేర్చుకోని పక్క ఊరికి పంపించాడు.

“నేను జెప్పలే?” అన్నాడు పెంటవ్వ భర్త సంగప్ప. మూడు రోజులూ శిబిరంలో హాయిగా నిద్రపోయినవాడు. “తెల్వనోళ్లకే ఇస్తరే. నిన్నెవలు తెల్సుకొమ్మన్నరు?”

పెంటవ్వ సాహెబు జీపుకు అడ్డం నిలబడింది. “ఊళ్లె పొగ లేకపాయె. మరి నా కండ్లెందుకు మండుతున్నయ్ సాహెబ్?”

న్యాయమైన ప్రశ్న. సాహెబు ఆలోచించి, ఆమె పేరు కంటి ఆసుపత్రి జాబితాలో రాశాడు. ఊళ్లో పొగ ఉందని ఇంకెవరైనా అంటే వారి పేర్లూ అందులోనే చేర్చాలని ఆదేశించాడు.

జాబితాలో ఇప్పటికీ పెంటవ్వ పేరొక్కటే ఉంది. దేవుడి దయవల్ల, చదువుకున్న మనందరి చూపూ బాగానే ఉంది.