మూడు గండాలూ ఒక కౌంటరమ్మా

లిఫ్టు మెకానిక్కులు రోజంతా లిఫ్టుల్లో తిరుగుతారని మీరనుకుంటారు. తప్పు. లిఫ్టు చెడితేనే వాళ్ళకి పిలుపొస్తుంది కాబట్టి, పాపం, జన్మంతా మెట్లెక్కుతూనే ఉంటారు. మన కథలోని మెకానిక్కు అలా ఇరవై రెండేళ్ళు ఎక్కి ఎక్కి, ఇంత ఎక్కినవాడికి కొండొక లెక్కా అని, ఏడాదికోసారి జరిగే మూడు గండాల పందెంలో చేరాడు. నాలుక బయటపెట్టి ఆఖరి గీత దాటుతున్న ఫోటో ఒకటి ఆఫీసు గోడకెక్కాక అందరూ అతన్ని ఆయాసరావు అనడం మొదలెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది.

మూడు గండాలంటే, మొదట కొండెక్కి దిగాలి. తర్వాత సైకిలు తొక్కుకుంటూ చెరువుకి పోయి, తెడ్డు వేసుకుంటూ పడవలో అవతలి గట్టు చేరాలి. ఆఖర్న నడుముకి బెల్టు కట్టుకుని, తాడుకి వేలాడుతూ వాగు దాటాలి. ఇది కనిపెట్టినాయన స్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరైన మాస్టారు. మొదటి ఏడు నలభై మంది వచ్చారు. ఫీజు సినిమా టికెట్టంత, దాంట్లోనే రెండు అరటిపళ్ళు కూడా.

ఇప్పుడో? నాలుగు వేలమంది. ఫీజు ఇంటద్దెలో సగం, అరటిపండుకి విడిగా కూపను. జనం తగ్గుతారేమోనని మాస్టారు ఫీజు పెంచితే, ఇంత ఫీజంటే ఏదో గొప్ప సంగతే అయ్యుంటుందని ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఆయన పెంచినకొద్దీ వీళ్ళొచ్చారు, వీళ్ళొచ్చినకొద్దీ ఆయన పెంచాడు.

ఆయాసరావు బాధ వేరే. పదిసార్లు పందెం పూర్తిచేసిన వాళ్ళకి ఇత్తడి బిళ్ళ మీద శాశ్వత నంబరు చెక్కి ఇస్తారు. అతనికి తొమ్మిదయ్యాయి. బిళ్ళ తగిలించుకోడానికి ముందుగది గోడకి మేకు కూడా కొట్టేశాడు. తీరా చూస్తే ఒక ఏడు పదకొండు నిమిషాల్లో సీట్లన్నీ అయిపోయాయి. మరుసటి ఏడు ఫీజు చూసి ఇల్లాలు వద్దంది. రెండేళ్ళుగా ఆ మేకుకి గొడుగు వేలాడుతోంది.

"ఆయాసపడ్డానికి అంత డబ్బెందుకండీ, మా ఆసుపత్రికి రండి. ఓపీ చీటీ రాయించుకుంటే ఆయాసం ఊరికే చూస్తారు" అంది ఆవిడ.

ఆవిడ పనిచేసేది పెద్దాసుపత్రి ఓపీ కౌంటర్లో. పొద్దున్నే ఆరొందల మంది మీదపడే చోటు అది. డాక్టర్ల నుంచి వార్డుబాయిల దాకా అందరూ ఆవిడని కౌంటరమ్మ అంటారు. కౌంటర్లో పెన్ను పెడితే ఎవరో ఒకరు జేబులో వేసుకుపోతారని దారం కట్టి మెళ్ళో వేసుకుంటుంది. ఇంటికొచ్చినా తీయడం మర్చిపోతుంది. తప్పు నింపిన కాగితమైతే చేతికి రాకముందే ఆవిడకి తెలిసిపోతుందని ఆసుపత్రిలో ప్రతీతి.

ఈ ఏడు రెండో పెళ్ళాం లాంటి అవకాశమొకటి ఆయాసరావు కంటబడింది. రెండో పెళ్ళామని ఎందుకన్నానంటే, మొదటి పెళ్ళానికి తెలియకుండా చేసే పనులన్నీ ఆ బాపతే. దంపతుల విభాగమని కొత్తగా పెట్టారు. ఇద్దరికీ కలిపి ఒకటే ఫీజు, అదీ సగం. మిగతా సీట్లన్నీ నిండినా ఇందులో ఖాళీలున్నాయి. ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఆలోచించే ఓపిక అతనికి లేదు. ముఖ్యమైన షరతు ఒక్కటే, ఆఖరి గీత ఇద్దరూ కలిసి దాటాలి.

ఫోన్లోనే దరఖాస్తు నింపేశాడు. ఇద్దరికీ తన ఫోను నంబరే వేయబోతే అది ఒప్పుకోలేదు. ఆవిడ నంబరు వేశాడు. రోజుకి వందొస్తాయి ఆవిడకి మెసేజులు, అందులో ఇదొకటి కొట్టుకుపోతుందిలే అనుకున్నాడు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి ధైర్యం అది. కాగితాలు చదవడమే పనిగా బతికే మనిషితో కాపురం చేస్తున్నానన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తులేదు.

తర్వాత రెండు నెలలు ఇల్లు ప్రశాంతంగా ఉంది. అతన్ని బాధపెట్టింది ఒకటే. ఆ ఆసుపత్రి లిఫ్టు బాధ్యత అతనిదే. అలాంటిది, సొంత భార్య నాలుగో అంతస్తులోని రికార్డు గదికి రోజుకి ఆరుసార్లు మెట్లెక్కి వెళ్తోందని వార్డుబాయి చెప్పాడు. ఇంటికొచ్చి నిలదీశాడు.

"ఏమోనండీ, ఈ మధ్య మీ లిఫ్టు మీద నమ్మకం పోయింది" అందావిడ, కూర తరుగుతూ.

అన్నం సహించలేదు ఆ పూట అతనికి. సెలవు రోజున వెళ్ళి లిఫ్టుకి తాళ్ళన్నీ కొత్తవి వేసొచ్చాడు. అయినా ఆవిడ మెట్లే ఎక్కింది.

పందెం ముందు రోజు అసలు కథ విప్పాడు, అంటే అబద్ధం విప్పాడు. రేపు చెరువు దగ్గరికి వెళ్దామన్నాడు. చల్లగాలి, పడవ షికారు, కాస్త నడక, అంతేనన్నాడు. అక్కడికెళ్ళాక కాళ్ళో చేతులో పట్టుకుని ఒప్పిద్దామని పథకం. ఆవిడ ఒక్క ప్రశ్నా వేయకుండా సరేనంది. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ ప్రశ్న వేయకుండా సరేనన్నది అదే మొదలు. తెలివైనవాడైతే అక్కడే భయపడాలి.

పొద్దున మైదానంలో నంబర్లిచ్చే బల్ల దగ్గర ఇతను గొంతు సవరించుకుని, చూడూ, నీకో మాట చెప్పాలి అని మొదలెట్టేలోపు ఆవిడ సంచీలోంచి పరుగు బూట్లు తీసి తొడుక్కోవడం మొదలెట్టింది. కొత్తవి కావు, రెండు నెలలు అరిగినవి. బల్ల వెనకాల కుర్రది ఇద్దరికీ గుడ్డ నంబర్లిచ్చింది. ఆవిడ దాని మీద 'నాయకురాలు' అని ఉంది.

"నాయకుడు నేను కదా" అన్నాడు, అడగాల్సినవి ఇంకా వందుండగా.

"దిద్దుబాట్లుంటే దిద్దుకోమని మెసేజొచ్చింది, దిద్దాను. నా సంతకం మీరే పెట్టేశారు, అది పోనివ్వండి. నా వయసు మూడేళ్ళెక్కువ వేశారు, అది మాత్రం పోనివ్వను."

ఆయాసరావు ఆ అరిగిన బూట్ల వంక చూశాడు. మెట్ల సంగతి అప్పుడర్థమైంది. అంత అవమానంలోనూ, లిఫ్టు తప్పేం లేదని తెలిసి గుండె మీంచి బండ దిగినట్టయింది.

దంపతుల విభాగంలో నాయకుడి మాటే చెల్లాలని నిబంధన. అంటే ఇంట్లో ఉన్న చట్టమే. కొండ దగ్గర ఇతను ఉత్సాహం పట్టలేక ముందుకురికి, సగం ఎక్కేసరికి ఒక బండ మీద కూలబడి నోరు తెరిచాడు. ఆవిడ రికార్డు గదికి ఫైళ్ళు మోస్తున్న లెక్కన నిదానంగా వచ్చి, లేవండి అని దాటిపోయింది. సైకిలు గడిచింది. పడవలో ఇద్దరూ చెరో వైపుకి తెడ్డు వేసి మూడుసార్లు గుండ్రంగా తిరిగారు. చివరికి ఆవిడ, మీరు చేతులు కట్టుకుని కూర్చోండి అంటే కూర్చున్నాడు. పడవ తిన్నగా పోయింది.

పన్నెండుంబావుకి వాగు దగ్గరికి చేరారు. చేరి ఆగిపోయారు.

నాలుగొందల మంది ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నాలుగు తాళ్ళున్నాయి. మూడు ఖాళీగా ఊగుతున్నాయి. అందరూ దగ్గరున్న మొదటి తాడు కోసమే తోసుకుంటున్నారు. తాడు దాకా వచ్చినవాడు అప్పుడు బెల్టు తీసుకుని, ఏ కొస ఎందులో దూర్చాలో తెలియక నాలుగు నిమిషాలు తంటాలు పడుతున్నాడు. మూడు గంటలకల్లా దాటనివాళ్ళు పందెం నుంచి అవుట్. ఇంత ఫీజు కట్టింది క్యూలో నిలబడ్డానికా అని ఒకడు కేకలేస్తున్నాడు. డ్రిల్లు మాస్టారు ఒక రాయెక్కి విజిలు ఊదుతున్నాడు. పాపం, నలభై మందికి సరిపోయే విజిలు అది.

"ఇటు పొదల పక్కనుంచి దూరిపోదాం రా" అని ఆయాసరావు భార్య చెయ్యి పట్టుకున్నాడు. తొమ్మిదిసార్లు వచ్చినవాడికి అడ్డదారి తెలియదా?

ఆవిడ కదల్లేదు. ఆ గుంపుని అలా చూస్తూ నిలబడింది. సోమవారం పొద్దున కౌంటరు తెరిచే ముందు ఆవిడ మొహం అలాగే ఉంటుంది.

"చీటీ నింపుకోకుండా కౌంటరుకొస్తే ఇంతే" అని మెళ్ళో పెన్ను తీసింది.

తర్వాత జరిగింది ఆయాసరావు ఇప్పటికీ కథలుగా చెబుతాడు. ఆవిడ అరవలేదు. దగ్గరున్నవాడి చెయ్యి పట్టుకుని మణికట్టు మీద ఒకటని రాసింది. పక్కవాడికి రెండు. చేతి మీద అంకె పడ్డవాడు ఎందుకో తెలియదుగానీ తోయడం మానేశాడు. తన వంతు ఎక్కడికీ పోదని నమ్మకం కుదిరితే మనిషి ఎంత మంచివాడో! ఇరవై మంది చొప్పున కూర్చోబెట్టి, కూర్చున్నప్పుడే బెల్టులు కట్టుకోమంది. అంకెల్ని నాలుగు తాళ్ళకీ పంచింది. మాస్టారి చేత విజిలు పక్కన పెట్టించి అంకెలు పిలవమంది. ఆయన బుద్ధిగా పిలిచాడు.

ఇక భర్త సంగతి. "తాళ్ళు, బెల్టులు, బరువులూ మీ విద్యేగా, ఒక్కొక్కరి కట్టూ చూసి పంపండి" అంది. పంపాడు. చెప్పొద్దూ, అక్కడ ఆయాసరావు నిజంగా పనిమంతుడు. ఒక వేలితో బెల్టు లాగి చూస్తే చాలు, సరైందో కాదో చెప్పేవాడు. నిమిషానికి నలుగురు చొప్పున దాటడం మొదలైంది.

ఒంటిగంటన్నర దాకా ఆ హడావుడిలో గడిచిపోయింది. అప్పుడు వాచీ చూసుకుని భార్య దగ్గరికి పరిగెత్తాడు. మన నంబర్లెంత అనడిగాడు. వెనకొచ్చేవాళ్ళందరికీ రాయడం అయ్యాక ఆఖర్న మనవేనంది. మనసులోనే లెక్క కట్టుకున్నాడు. మూడు గంటలకి అటో ఇటో.

"ఇది నా పదోది. ఇంకో ఏడు మనకి సీటు దొరుకుతుందో లేదో, ఫీజు కట్టగలమో లేదో. రెండేళ్ళుగా ఆ మేకు వంక చూస్తున్నాను. ఇప్పుడే ఇద్దరం దాటేద్దాం. ఎవరూ ఏమీ అనరు."

ఆవిడ రాయడం ఆపి అతని మొహం చూసింది.

"మీకు బిళ్ళ రాకపోతే నేనూ ఏడుస్తాను. ఊరికే ఎక్కానా ఆ మెట్లు? కానీ రాసిన చెయ్యి ముందు దాటిందా, వెనకాలవాళ్ళు ఆ అంకెని ఒక్క నిమిషం కూడా నమ్మరు. మళ్ళీ తోపులాటే. అప్పుడెవరమూ దాటం. వెళ్ళి బెల్టులు చూడండి."

వెళ్ళి చూశాడు. కళ్ళు మసకేసినా చెయ్యి తప్పలేదు. ఒక పెద్దావిడ బెల్టు బిగిస్తుంటే, బాబూ, నాకిది మొదటిసారి, ఇక్కడిదాకా వస్తాననుకోలేదు అంది. తన మొదటి ఏడు గుర్తొచ్చింది. ఇంకో ముడి ఎక్కువే వేసి పంపాడు.

రెండూ యాభై ఆరుకి మాస్టారు ఆరొందల పదకొండూ, పన్నెండూ అని పిలిచాడు. గొంతు బొంగురుపోయింది. మొగుడూ పెళ్ళాలు పక్కపక్క తాళ్ళకి వేలాడారు. అప్పుడు చూశాడు ఆయాసరావు, అవతలి ఒడ్డున దాటినవాళ్ళలో సగంమంది వెళ్ళకుండా నిలబడి ఉన్నారు. అంకెలు రాసిన చేతులన్నీ పైకెత్తి ఊపుతున్నారు. ఒక నిమిషం మిగిలుండగా ఇద్దరూ నేల మీద కాలు పెట్టారు.

ఆఖరి గీత అందరికన్నా ఆఖర్న దాటారు. ఈసారి నాలుక లోపలే ఉంది, పళ్ళన్నీ బయటున్నాయి.

డ్రిల్లు మాస్టారు ఇత్తడి బిళ్ళ తెచ్చి ఆయాసరావు మెళ్ళో వేసి, ఆ వెంటనే అతన్ని మర్చిపోయి కౌంటరమ్మ వైపు తిరిగాడు. మైదానంలో గుంపుల్ని అదుపు చేసే కంపెనీవాళ్ళు వాగు దగ్గరికీ రావాలంటే వచ్చే ఏడు ఇంకా ఎక్కువ కట్టాలనీ, అందుకే ఫీజు మళ్ళీ పెంచుదామనుకున్నాననీ, వాగు దగ్గర మీరు కూర్చుంటే ఆ కంపెనీయే అక్కర్లేదనీ అన్నాడు.

"కూర్చుంటాను. కంపెనీకి ఇవ్వని డబ్బు ఫీజులో తగ్గించండి. కొండ దగ్గరే జట్లుజట్లుగా వదలండి, అందరూ ఒక్కసారి వాగు మీద పడరు. అరటిపండుకి కూపనేమిటి మాస్టారూ, బాగోదు" అంది ఆవిడ. ఆయన అక్కడికక్కడే జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. పెన్ను ఆవిడే ఇచ్చింది, దారం మెళ్ళోంచి తీయకుండా.

ఇంటికొచ్చాక ఆయాసరావు మేకుకున్న గొడుగు తీసి బిళ్ళ తగిలించాడు. రెండడుగులు వెనక్కేసి చూసుకున్నాడు. కడుపు నిండిపోయింది. మనిషి బుద్ధి కదా, నిండిన కడుపుతో ఇంకో పథకం పుట్టింది. భార్య పక్కన చేరి, ఎంత లేదన్నా వచ్చే ఏడు వాగు నీ చేతిలోనే ఉంటుంది, శాశ్వత నంబరున్నవాణ్ణి, పైగా మొగుణ్ణి, కాస్త ముందు వరసలో ఏదైనా చూడరాదూ అన్నాడు.

"చెయ్యి ఇలా ఇవ్వండి" అంది.

సంబరంగా చాచాడు. ఆవిడ మెళ్ళో పెన్ను తీసి, మణికట్టు మీద శ్రద్ధగా రాసింది. దీపం దగ్గరికి వెళ్ళి చూసుకున్నాడు. ఆరొందల పదమూడు.

"ఈ ఏడు ఎక్కడ ఆపామో అక్కణ్ణుంచే" అని ఆవిడ గొడుగు ఎక్కడ పెట్టాలా అని చూస్తూ లోపలికెళ్ళింది.

ఆ సిరా నాలుగు రోజులు పోలేదు. అతను కూడా పెద్దగా రుద్దలేదు.