నీలి డేగకు మూడు నెలల కోర్సు

అమీర్‌పేటలో దేన్నైనా అమ్ముకోవచ్చు, కాకపోతే నేర్పిస్తున్నట్టు కనిపించాలి. ఈ నియమం ఏ చట్టంలోనూ లేదు గానీ, చట్టంలో ఉన్నవాటికంటే బాగా అమలవుతుంది.

ఈ సంగతి ఉషకు తెలియదు. పంజాగుట్టలో చేస్తున్న ఆఫీసు ఉద్యోగం మానేసి, అమీర్‌పేటలో ఒక హాస్టల్ మెట్ల పక్కన ట్రేడింగ్ కార్డుల షాపు పెట్టింది. బొమ్మల కార్డులు ప్యాకెట్లలో వస్తాయి. వాటిని కొనుక్కుని, ఒకరితో ఒకరు మార్చుకుని, ఎదురెదురుగా కూర్చుని ఆడుకోవాలి. అందుకోసమే నాలుగు బల్లలు వేసింది. గల్లా పక్కన గాజుపెట్టెలో తన నీలి డేగను పెట్టింది. అంత అరుదైన కార్డు నగరంలో ఇంకెవరి దగ్గరా లేదు. దాన్ని చూడడానికి వచ్చినవాళ్లు కూర్చుని ఆడతారని, షాపు నిలబడుతుందని ఆమె ఆశ. చిన్న గీత పడినా విలువ పోతుంది కనుక దాన్ని వేళ్లతో ముట్టుకునేది కూడా కాదు. (ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆమెను ఎవరూ ఇంత జాగ్రత్తగా చూసుకోలేదు.)

మొదటి రోజే ఒక కుర్రాడు వచ్చాడు.

"అక్కా, కోర్సు ఎన్ని నెలలు?"

"కోర్సు కాదు తమ్మీ, ఆట."

"డెమో ఫ్రీయేనా?"

"క్లాసే లేదు."

"అయితే ప్లేస్‌మెంట్ సుత లేదా?" అని జాలిగా చూసి, అతను ఎదుటి ఇన్‌స్టిట్యూట్‌లోకి వెళ్లిపోయాడు.

వారం తిరగకముందే వినోద వస్తువుల వర్గీకరణ ఉపవిభాగం నుంచి నరేందర్ సార్ తనిఖీకి వచ్చాడు. ఒక ప్యాకెట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"లోపల ఏమున్నదో నీకు ఎరుకనా?"

"లేదు సార్."

"కొనేటోనికి?"

"తెల్వదు సార్. గదే మజా."

"గదే జూదం," అని ఆయన రాసుకున్నాడు. "నీ నోటితోనే ఒప్పుకున్నవ్."

"సార్, దిమాగ్ పెట్టి ఆడాలె. నేర్చుకుంటెనే వస్తది."

కలం ఆగింది. "నేర్చుకునేదా? ముందుగాల చెప్పొద్దా మరి! అయితే జూదం కాదు, విద్య. సోమవారం సిలబస్ పట్టుకొని రా. షాపుల అన్నిటికన్నా మంచి కార్డు ఒకటి, ఒరిజినల్ తేవాలె. లేకుంటే షాపుకు తాళమే."

"జిరాక్స్ తెస్త సార్."

"జిరాక్స్‌ను దేనితోని పోల్చి చూడాలె?"

ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఏ పౌరుడూ జవాబు చెప్పలేకపోయాడు.

సోమవారం ఉష సిలబస్ ప్రింటు తీయించుకుని వచ్చేసరికి గాజుపెట్టె ఖాళీగా ఉంది. తల్లి చంద్రావతి ఎదురొచ్చింది. పదో తరగతి మెమో మొదలుకుని ఇంట్లో ప్రతి సర్టిఫికెట్‌నూ కాపాడుకొచ్చిన మనిషి ఆమె. లామినేషన్ లేని కాగితం ఆమె కంటికి చలికాలంలో చొక్కా లేని పిల్లవాడిలా కనిపిస్తుంది.

"వాన పడ్తున్నది బిడ్డా. ఆ సార్లు చాయ్ చేతులతోని పట్టుకుంటరు, కరాబైతది. అందుకే పక్కసందుల జర గట్టిగ చేయించిన," అంటూ ఇంకా వేడిగా ఉన్న నీలి డేగను చేతిలో పెట్టింది.

ఉష కార్డును, తల్లిని మార్చి మార్చి చూసింది.

"ఏందే అట్ల చూస్తవ్? అంచులు సుత గుండ్రంగ కత్తిరించిండు. మస్తు మంచోడు ఆ భాయ్."

ఆఫీసులో నరేందర్ సార్ కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. "లామినేషన్ చేసిన ఒరిజినల్ చెల్లదమ్మా. ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు." బ్లేడు తీసుకుని ఓపికగా ఒలిచాడు. డేగ ఎడమ రెక్క ప్లాస్టిక్‌తో పాటే వచ్చేసింది. కుడి రెక్కకు రంధ్రం చేసి, దారం దూర్చి, సిలబస్‌కు కట్టి, మెడ మీద 'పరిశీలించబడినది' అని గుండ్రటి ముద్ర వేశాడు.

"ఇగ ఫికర్ లేదు. ఎవ్వడు నీ షాపును ముట్టడు. దీన్ని గోడకు పెట్టుకో," అని అంతా ఆమెకే తిరిగి ఇచ్చాడు.

ఉష దాన్ని గోడకు తగిలించి, బల్లలు అమ్మేద్దామని వాటిని తుడుస్తూ ఉండగా, మొదటిరోజు వచ్చిన కుర్రాడు తండ్రిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. ఆ పెద్దమనిషి డేగను చూడలేదు, దాని మెడను చూశాడు.

"సర్కారు ముద్ర ఉన్నది రా," అన్నాడు కొడుకుతో. తర్వాత ఉష వైపు తిరిగాడు. "ఎన్ని నెలలు బిడ్డా?"

ఉష సిలబస్ వైపు చూసింది. "మూడు," అంది.

ఇప్పుడు షాపు దివ్యంగా నడుస్తోంది. బల్లల స్థానంలో బెంచీలు వచ్చాయి. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. మొదటి నెల కార్డుల పుట్టుక, రెండో నెల కార్డులను దూరం నుంచి చూడడం, మూడో నెల మాక్ ఇంటర్వ్యూలు. (కార్డును ముట్టుకోవడం అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తుంది.) పాసైనవాళ్లకు రంధ్రం చేసి, ముద్ర వేసిన కార్డు ఒకటి ఇస్తారు. లామినేషన్ చంద్రావతి స్వయంగా చూసుకుంటుంది.

నిన్న వెనక బెంచీలో ఇద్దరు విద్యార్థులు పాఠం వినకుండా, మోకాళ్ల మీద కార్డులు పరుచుకుని, నవ్వు ఆపుకుంటూ ఆడుకుంటున్నారు. ఆ షాపులో ఎవరైనా ఆడడం అదే మొదటిసారి. ఉష చాలాసేపు వాళ్లనే చూస్తూ నిలబడింది.

తర్వాత నిబంధనల ప్రకారం ఇద్దరినీ బయటికి పంపింది.