మంత్రిగారు నయం చేసిన మడమ

"ఇకమీదట మన ఏలుబడిలో మానని పుండంటూ ఉండదు" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించిన వారానికే నేను గుమాస్తాగా పనిచేసే ఆసుపత్రికి కరెంటు వైద్యం మిషను వచ్చింది. పుండు దగ్గర ప్యాడ్లు అంటించి, చీమ కుట్టినంత కరెంటు పంపితే కొత్త చర్మం పుట్టుకొస్తుందట. మంత్రిగారి చేతుల మీదుగా తొలి వైద్యం పొందే భాగ్యం మా మావయ్యకు దక్కింది. ఆయన టైలరు. మడమ మీద మూడేళ్లుగా పుండు. కుట్టుమిషను తొక్కలేక దుకాణం మూసేశాడు.

మంత్రిగారికి తీరిక లేక ప్రారంభోత్సవం నాలుగుసార్లు వాయిదా పడింది. రెండో వాయిదా తర్వాత కట్లు కట్టే నర్సమ్మ ఎవరికీ చెప్పకుండా మిషను పెట్టె విప్పి, మావయ్యకు రోజూ గంటసేపు కరెంటు పెట్టింది. రెండు నెలల్లో పుండు మానిపోయింది. ఈ ఘోరం సూపరింటెండెంటుగారికి ప్రారంభోత్సవం ముందురోజు తెలిసింది.

"ఎవర్నడిగి పెట్టావమ్మా?"

"పుండు ముదిరిపోతోంది సార్. కాలు తీసేయాల్సొచ్చేది."

"మూడేళ్లు ఆగిన పుండు, మంత్రిగారి కోసం ఇంకో మూడు నెలలు ఆగదా?"

పరిపాలనా దక్షత అంటే ఏమిటో నేనప్పుడు కళ్లారా చూశాను. ఆయన నర్సమ్మకు బదిలీ ఉత్తర్వు ఇచ్చి, మానిన మడమకు స్వహస్తాలతో కట్టు కట్టారు.

మర్నాడు మంత్రిగారు స్విచ్చి నొక్కారు. ఎందుకైనా మంచిదని సూపరింటెండెంటుగారు అంతకుముందే ఫ్యూజు పీకి జేబులో పెట్టుకున్నారు.

"ఎలా ఉంది పెద్దాయనా?"

"హాయిగా ఉందయ్యా."

నిమిషం తర్వాత కట్టు విప్పారు. మడమ అద్దంలా ఉంది. అందరికంటే ముందు ఉలిక్కిపడింది మంత్రిగారే. వెంటనే తేరుకుని, "నేను ముందే చెప్పానుగా" అన్నారు. ఫొటో అన్ని పేపర్లలోనూ మొదటి పేజీలో వచ్చింది.

ఆ ఫొటో పట్టుకుని మర్నాడు నలభైమంది పుండ్లవాళ్లు వరండాలో కూర్చున్నారు. కర్ర ఊతంతో వచ్చిన ఒకావిడ నన్నడిగింది.

"మిషను ఏ గదిలో ఉంది బాబూ?"

మిషను మంత్రిగారి కాన్వాయ్‌లో పక్క ఊరి ప్రారంభోత్సవానికి వెళ్లిందని చెప్పాను. వెనక కారులో మావయ్య కూడా వెళ్లాడని చెప్పలేదు.

సాయంత్రం ఫోన్ చేశాను.

"మావయ్యా, కాలు బాగైందిగా, దుకాణం ఎప్పుడు తెరుస్తావు?"

"ఇప్పట్లో కుదరదు అల్లుడూ. ఇంకా పద్దెనిమిది ఊళ్లలో నాకు నయం కావాలి."