కుర్చీల్ని ట్రక్ చేసిన రోజు

ఇలా దగ్గరికి జరగండర్రా, కుర్చీల కంపెనీలో స్టోర్ కీపర్ కడుపుమంట కథ చెబుతాను.

ఇరవై ఏళ్లుగా సరుకు పంపేది ఆయనే. ఆ వారం సరుకు ఎక్కించే యార్డుకు సూపర్‌వైజర్‌ను వేస్తారని తెలిసి, ఆ పదవి తనకే రావాలని ఆయన ఆశ. కానీ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఏ మాట దొరికినా ఇంగ్లీషువాళ్ల పద్ధతిలో దాని వెనక ‘చేయడం’ తగిలించి, దాన్నే ఒక పనిగా మార్చేసేది. “సోమవారాన్ని క్యాలెండర్ చేద్దాం సార్” అంటే చాలు, మేనేజరు మురిసిపోయేవాడు. ఇది చూసి ఈయనకు అన్నం సయించేది కాదు.

ఆ ఉదయం తల దువ్వుకుంటూ భార్యతో, “ఇవాళ ఆ పిల్ల నోరు మూయిస్తా చూడు” అన్నాడు.

“ముందు మీ చొక్కా గుండీలు పెట్టుకోండి” అందావిడ.

ఆ రోజు మధ్యాహ్నం పరీక్ష ఉన్న ఒక బడికి నలభై కుర్చీలు వెళ్లాలి. రోజూ ఒక్క కేక వేసేవాడు, పని అయిపోయేది. ఆ రోజు మాత్రం చీటీ రాశాడు: “చైర్స్‌ని గోనె చేసి, రోప్ చేసి, ట్రక్ చేసి, నన్ను బెల్ చేయండి.”

“అబ్బ, ఏం రాశావయ్యా!” అంటూ మేనేజరు సంతకం పెట్టాడు. ప్యాకింగు మేస్త్రీకి ముక్క అర్థం కాలేదు. అడిగితే నలుగురూ నవ్వుతారని ఆ చీటీ డ్రైవరుకిచ్చాడు. “నాకు తెలీదా ఏంటి” అంటూ డ్రైవరు దాన్ని గోడకు అతికించి, బండిలో కునుకు తీశాడు.

మూడింటికి బడినుంచి ఫోను. “పిల్లలు నేలమీద కూర్చుని పరీక్ష రాస్తున్నారండీ!”

మేనేజరు యార్డులోకి ఊడిపడ్డాడు. “అర్థం కాకపోతే అడగొద్దూ?”

“మీరు సంతకం పెట్టారుగా సార్, మీకు అర్థమైందనుకున్నాం” అన్నాడు మేస్త్రీ.

అంతలో కొత్తమ్మాయి పరిగెత్తుకొచ్చింది. “అన్నయ్యలూ, గోనెలు చుట్టండి! తాళ్లు కట్టండి! బండెక్కించండి!” పావుగంటలో బండి కదిలింది.

“నీకిలా మాట్లాడటం వచ్చా?” అన్నాడు స్టోర్ కీపరు తెల్లబోయి.

“రోజూ మీ కేకలు విని నేర్చుకున్నా బాబాయ్. మీరో మాటంటే పదిమంది కదులుతారు, నేనో మాటంటే మేనేజరు తల ఊపుతాడు, అంతే. మిమ్మల్ని చూస్తే నాకెంత కుళ్లొచ్చేదో!”

యార్డు సూపర్‌వైజర్ పదవి ఆ అమ్మాయికే ఇచ్చారు. తనకు అర్థం కాలేదని ఒప్పుకోలేని మేనేజరు, ఇంత గొప్పగా రాసేవాణ్ణి ఎండలో ఉంచకూడదంటూ స్టోర్ కీపర్‌ను ఏసీ గదిలో ఇంగ్లీషు ఉత్తరాల దగ్గర కూర్చోబెట్టాడు. ఇప్పుడాయన రోజంతా కిటికీలోంచి యార్డును చూసి కుళ్లుకుంటున్నాడు.

ఈ కథ గుర్తుపెట్టుకుని మీవాళ్లకీ చెప్పండర్రా. నోటితోనే చెప్పండి, చీటీ రాసి పంపకండి.