మా పడకగది: తొమ్మిది నుంచి ఐదు వరకు

కొత్తగా పెళ్లయినవాళ్లకు ఏకాంతం ఆరోగ్యానికి మంచిది కాదు. పెళ్లయి రెండు నెలలైన మనిషిగా, అనుభవంతో చెబుతున్నాను.

మా గ్రీకు ద్వీపంలో పెద్దకూతురికి పెళ్లయిన రోజునే పుట్టిల్లు ఆమెదైపోతుంది. అమ్మానాన్నలు తాళం ఆమె చేతిలో పెట్టి కింది గదిలోకి మారతారు. అలా ఇల్లు నాదైంది. కాకపోతే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అది క్రూయిజ్ ఓడల్లో వచ్చే యాత్రికులది; ఆ ఏర్పాటు అమ్మది. ‘అసలుసిసలు ద్వీపవాసుల ఇల్లు’ అని టూరు కాగితంలో అచ్చేశారు. రోజుకు మూడు ఓడలు.

నా భర్త నికిఫోరోస్ రాత్రంతా చేపలవేటలో ఉంటాడు. మేం కలిసుండేది పగలే. కాబట్టి మా అదృష్టం చూడండి! అతను నిద్రలో ఎంత ముద్దుగా ఉంటాడో ఇదివరకు నాకొక్కదానికే తెలుసు, ఇప్పుడు నార్వే దాకా తెలుసు. మరిగే పులుసు మూత తీసి వాసన చూసి మెచ్చుకునే జర్మన్ దంపతులు ఏ కొత్తపెళ్లికూతురికి దొరుకుతారు? మేం పోట్లాడుకుంటే గైడు మూడు భాషల్లోకి అనువదిస్తుంది. మూడింటిలోనూ తప్పు నికిఫోరోస్‌దే అని తేలింది. మంచానికి తెర ఉంది కదా అంటారేమో. తెర వేస్తే, వెనకాల ఏముందోనని ఇంకో పదిమంది ఎక్కువ వస్తారు.

ఒకరోజు అమ్మను బతిమాలాను. “ఈ ఒక్క ఆదివారం ఎవరినీ రానివ్వకమ్మా.”

“తలుపులేసుకుని ఏం చేస్తారే అనేజో, పట్టపగలు?”

“కాఫీ తాగుతాం.”

“వాళ్ల ముందే తాగండి. కప్పు కాస్త కిటికీవైపు పట్టుకో, వెలుతురు బాగా పడుతుంది.”

“అత్తయ్యా, నేను చొక్కా అయినా వేసుకోవచ్చా?” అన్నాడు నికిఫోరోస్.

“వేసుకో నాయనా. ఆ చారలది మాత్రం వద్దు, ఫొటోలో బాగుండదు.”

మాకు కావలసింది గడియ ఉన్న గది ఒక్కటి. ద్వీపమంతా వెతికాం. కొండమీద గదంత ఉండే పాత పావురాల గూటిలో కూడా ఎవరో సెల్ఫీ దిగుతున్నారు. అప్పుడు తట్టింది నాకు: ఓడలో ఉన్నవాళ్లంతా మా ఇంట్లో ఉంటే, ఓడలో ఎవరుంటారు?

ఏథెన్స్‌లో బట్టలు కొనాలని అమ్మకు చెప్పి, అక్కడి పిరేయస్ రేవులో మా ద్వీపానికొచ్చే క్రూయిజ్ ఓడే ఎక్కేశాం. మూడోరోజు పొద్దున ఓడ మా ఊరి ముందే లంగరు వేసింది. మూడువేలమందీ దిగిపోయారు.

“మీరు దిగరా? చాలా అందమైన ద్వీపమట,” అంది గదులు సర్దే ఆవిడ.

“చూశాం లెండి,” అని నికిఫోరోస్ గడియ పెట్టాడు.

ఎంత నిశ్శబ్దమో! అతని గురక కూడా నాకొక్కదానికే వినిపిస్తోంది.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. “ఏథెన్స్‌లో ఇన్నాళ్లు ఏం కొంటున్నారే? ఇక్కడ జంట ఏదీ అని గైడు నా ప్రాణం తీస్తోంది.”

“మేం ఏథెన్స్‌లో లేమమ్మా. నీ కిటికీలోంచి కనిపించే తెల్ల ఓడలో ఉన్నాం.”

తిడుతుందని ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాను. తిట్లేవీ వినిపించక మళ్లీ దగ్గరగా పెట్టుకుంటే, అమ్మ గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

“మొన్నటినుంచి కింది గదిక్కూడా పంపిస్తున్నారే. మీ నాన్న పొద్దున్నించీ బాత్‌రూంలోనే కూర్చున్నాడు. వచ్చేవారం ఆ ఓడలో మా ఇద్దరికీ ఒక గది దొరుకుతుందేమో కనుక్కో.”