నడినెత్తుల కిటికీ

అన్యాయం జరిగింది ఎవరికి? నాగాయలంక మహాలక్ష్మికి. ఏమిటా అన్యాయం? బతికున్న మనిషిని ఎదుట పెట్టుకుని, మనిషి రాలేదని రాశారు.

ఆమె తలపెట్టినది చిన్న పని. భర్త పోర్టులో కళాసీగా పనిచేసి పోయాడు. ఏటా ఒకసారి బందరు పింఛను ఆఫీసుకు వెళ్లి, బతికే ఉన్నానని కనిపించి, వేలిముద్ర వేసి రావాలి. లేకపోతే పింఛను ఆగిపోతుంది. తొలి బస్సుకు వెళ్తే, మధ్యాహ్నానికి తిరిగివచ్చి ఎండబెట్టిన చేపలు తిరగేసుకోవచ్చు.

ఆ ఆఫీసు కట్టిన కొత్తలో కిటికీ మనిషి ఎత్తులోనే ఉండేది. ఒక తుఫానుకు నీళ్లు వచ్చాయని వరండాను అడుగున్నర మెరక చేశారు. కిటికీని ఎత్తడం ఎస్టిమేటులో లేదు. పదకొండేళ్లుగా జనం నడుము వంచి, ఊచల అడుగున కాగితాల కోసం వదిలిన కంత దగ్గరకు తల దించి మాట్లాడుతున్నారు. లోపలున్న గుమాస్తా గంగాధరరావుకు నడినెత్తులు తప్ప ముఖాలు కనిపించవు. మొదట్లో అది ఆయనకు ఇబ్బంది అనిపించింది. తరువాత మర్యాద అనిపించింది. చివరకు పాపిడిని బట్టి, బట్టతలను బట్టి పేర్లు చెప్పగల నేర్పు అబ్బింది.

ఈసారి మహాలక్ష్మి మోపిదేవిలో మొక్కు తీర్చుకుని, తలనీలాలు ఇచ్చి వచ్చింది.

"తాతా, ఇది మహాలక్ష్మి కాగితం. ఆవిడ్ని తీసుకురా."

"నేనే బాబూ మహాలక్ష్మిని."

"గొంతు సన్నం చేస్తే సరిపోదు తాతా. ఆవిడది తెల్లజుట్టు, ఎడమపక్క సుడి. నాకు తెలీదా?"

"జుట్టు స్వామికిచ్చాను బాబూ. తల మాత్రం నాదే."

ఆయన వినలేదు. 'మనిషి రాలేదు, ఆమె పేరిట ఎవరో వృద్ధుడు వచ్చాడు' అని రాసి పైకి పంపించాడు. పై అధికారి గది మేడ మీద. అక్కడికి నడినెత్తులు కూడా కనిపించవు. ఆయన సంతకం పెట్టేశాడు.

వరసలో వెనకనున్న రిటైర్డు హెడ్మిస్ట్రెస్ సంతోషమ్మ, గొడుగుతో ఊచలు తట్టింది.

"గంగాధరరావు గారూ, మనిషిని ముఖం చూసి గుర్తుపట్టాలండీ."

"ఇక్కణ్ణుంచి కనపడదండీ."

"అయితే తల వంచి చూడండి. మేమంతా వంచడంలేదా?"

పంతానికి ఆయన కంతలో తల దూర్చి, మెడ తిప్పి పైకి చూశాడు. చీర కనిపించింది. చీరలో మహాలక్ష్మి కనిపించింది. తల వెనక్కి తీసుకోబోతే చెవులు అడ్డుపడ్డాయి.

వెల్డరుకు ఫోను చేశారు. అతను గుడివాడలో ఉన్నాడు. రావడానికి రెండు గంటలు పడుతుందన్నాడు.

"అందాకా వరస ఎందుకాగాలండీ?" అంది సంతోషమ్మ. "మీరు చూసి చెప్పండి. లోపల అటెండరు రాసుకుంటాడు."

మహాలక్ష్మి ముందుకు వచ్చి నిటారుగా నిలబడింది. "ఇప్పుడు బతికున్నానా బాబూ?"

"ఉన్నారమ్మా."

ఆ కాగితమూ మేడెక్కింది. దానిమీదా సంతకం పడింది. తరువాత నలభైమంది ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ప్రతి ఒక్కరి ఎదుటా తల వంచుకునే ఉండి, అతికష్టం మీద కళ్లెత్తి, "ఉన్నారండీ" అన్నాడు గంగాధరరావు. పదకొండేళ్లుగా జనం దగ్గర పుచ్చుకున్న వంగుళ్లన్నీ ఆ రెండు గంటల్లో బాకీ లేకుండా తీరిపోయాయి.

మరుసటి వారమే కిటికీని అడుగున్నర ఎత్తారు. కారణం రాయవలసిన చోట 'సిబ్బంది సౌకర్యార్థం' అని రాశారు.